పాత జావాకు పల్సర్ ఫోర్కు ఎక్కించొచ్చా?

రెండుపైపులు, కడప:
మా నాయన బండి, 1969 జావా. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కులో షాక్‌లు పూర్తిగా పడుకున్నాయి. కుడిపక్క సీల్లోంచి ఆయిల్ కారి బ్రేకు డ్రమ్ము దాకా వస్తాండాది. పోయిన ఆదివారం గువ్వలచెరువు ఘాట్ దిగేటప్పుడు మలుపులో బ్రేకు పడితే, షాక్ ఠక్కుమని అడుగు తగిలి మోచేతుల దాకా జివ్వుమనింది. మెకానిక్ డిస్కు బ్రేకుతో సహా పాత పల్సర్ ఫోర్కు తెచ్చి "ఒక్క పూటలో ఎక్కిచ్చేస్తా సామీ" అంటాండాడు. ఈ మాట ఇంట్లో చెప్పినప్పట్నుంచి నాయన నాతో మాట్లాడడం ల్యా. ఏం చేయమంటారు?

లేత్‌మావ:
ఎక్కించెయ్ అబ్బీ. నా యెజ్డీ రోడ్‌కింగ్‌కు ఎక్కించి నాలుగేండ్లు. ముందు పోయే లారీ బ్రేకేస్తే నీ డ్రమ్ము ఆలోచించుకుని ఆగుతుంది. దేవునిగూట్లో పెట్టుకునే బండికైతే ఒరిజినల్ ముచ్చట. తోలే బండికి కాదు.

కోన్‌సెట్:
మావా, డిస్కు సంగతి ఒప్పుకుంటా, ఫోర్కు సంగతి ఒప్పుకోను. ఆ జావాది 16 అంగుళాల చక్రం. దానికి పొడుగు ఫోర్కు, పెద్ద చక్రం పెడితే ముందు లేస్తుంది, ఫోర్కు ఇంకా వాలుతుంది, దాంతో ట్రెయిల్ (హ్యాండిల్ తిరిగే గీత నేలను తాకే చోటికీ, చక్రం నేలను తాకే చోటికీ మధ్య దూరం) కూడా పెరుగుతుంది. హైవేలో నిలకడగానే పోతుంది గానీ ఘాట్ మలుపులో హ్యాండిల్ బరువెక్కుతుంది. పైగా పల్సర్ టీ కాడ (ఫోర్కు రెండు కాళ్ళనూ కలిపి బండి మెడలో తిరిగే కడ్డీ) జావా మెడలో ఉన్నదున్నట్టు కూర్చోదు. కొలత ప్రకారం కొత్త కాడ లేత్‌లో తిప్పించి ప్రెస్ చేయిస్తే సరే. ఒక్క పూటలో అంటున్నాడంటే నరికి వెల్డింగే. అది ఊడిన రోజు చేతిలో హ్యాండిల్ ఒక్కటే మిగుల్తుంది.

అసలు నీ ఫోర్కును ఎవరైనా విప్పి చూశారా? ముందు టేపు తీసుకో. సెంటర్ స్టాండేసి ముందు చక్రం గాల్లో ఉన్నప్పుడు ఇరుసు నుంచి టీ దాకా కొలువు. మళ్ళీ స్టాండు తీసి నువ్వు కూర్చుని ఇంకొకరితో కొలిపించు. మొత్తం కదలికలో నాలుగో వంతు నుంచి మూడో వంతు దిగితే మామూలే. సగం దిగితే స్ప్రింగులు చచ్చినట్టు. చిక్కటి ఆయిల్ పోస్తే సరిపోతుందని చెప్పేవాళ్ళ మాట వినొద్దు. బరువు మోసేది స్ప్రింగు, ఊపును అదిమేది ఆయిల్. ఆయిల్ సన్నటి రంధ్రాల్లోంచి పోవాల. వేగం రెట్టింపైతే అక్కడ అడ్డు నాలుగింతలవుతుంది. చిక్కటిది పోస్తే గుంతలో పడిన ప్రతిసారీ దెబ్బ నేరుగా మణికట్టుకే.

పాతకాగితం, అనంతపురం:
ఫోర్కు మార్చే ముందు ఆర్‌సీ గురించి ఆలోచించండి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టూ అదే చెప్పింది. మీ బండికి 50 ఏండ్లు దాటాయి కాబట్టి 2021 నిబంధనల కింద వింటేజ్ రిజిస్ట్రేషనుకు వెళ్ళొచ్చు, ఫీజు 20,000. ఛాసిస్, బాడీ, ఇంజన్ మార్చి ఉండకూడదు.

లేత్‌మావ:
ఫోర్కు ఛాసిస్ ఎప్పుడైంది సామీ? అయినా వింటేజ్ నంబరుతో రోజూ తిరగనీరు. ర్యాలీకి, ప్రదర్శనకు, పెట్రోలుకు, రిపేరుకు, అంతే. గువ్వలచెరువు పాలకోవాకు పోవాలంటే ర్యాలీ పెట్టాల్నా?

పాతకాగితం, అనంతపురం:
ఆ మాట నిజమే. రోజూ తోలేటట్టయితే ఆ నంబరు జోలికి పోవద్దు. 52వ సెక్షన్ మాత్రం ఎట్లా తోలినా వర్తిస్తుంది.

రెండుపైపులు, కడప:
నిన్న విప్పినాం. ఎడమ కాలులో గ్లాసుడు నల్లనీళ్ళు, కుడిదాంట్లో తడి తప్ప ఏం ల్యా. రెండు స్ప్రింగులూ పక్కపక్కన నిలబెడితే ఒకటి 9 మిల్లీమీటర్లు పొట్టి. కుడి పైపు మీద గోరు పెడితే తగులుకునే గుంతలు. పైన కవరు ఉండాది కాబట్టి ఇన్నేండ్లూ కనపడల్యా. నాయన మాట్లాడకుండానే వచ్చి టార్చి పట్టుకున్నాడు.

కోన్‌సెట్:
ఆ గుంతలుండగా ఎన్ని సీళ్ళు వేసినా నెలకే కారుతుంది. పైపు రుద్దించి హార్డ్ క్రోమ్ వేయించు, లేదా మంచి పైపు వెతుకు. స్ప్రింగులు జతగా మార్చు. విప్పినారు గదా, మెడలో హ్యాండిల్ తిరిగే కోన్‌సెట్ గోళీలు కూడా కొత్తవి వేయించు.

లేత్‌మావ:
ఇంత చేసినా బ్రేకు అదే బ్రేకు.

కోన్‌సెట్:
ఆయిల్ తాగిన బ్రేకు లైనరుతో ఎట్లా పడుతుంది మావా? కొత్త లైనర్ వేసి, డ్రమ్ము గుండ్రంగా ఉందో లేదో నీ లేత్ మీదే చూడు. అప్పటికీ పట్టకపోతే డిస్కు గురించి మాట్లాడదాం.

రెండుపైపులు, కడప:
సరే, పైపులు మావ దగ్గరికే తెస్తా. ఒక చిక్కుండాది. ఆ పల్సర్ ఫోర్కుకు 1,500 అడ్వాన్సు ఇచ్చింటి. తిరిగిస్తాడంటారా?

లేత్‌మావ:
ఇయ్యడు.