సమస్యాపూరణం: అక్క తలకు మొలిచెఁ గుక్క తోక

నిర్వాహకుడు:
మిత్రులకు నమస్సులు. ఇచ్చిన పాదం చివర వచ్చేలా పద్యం పూర్తి చేయాలి. ఈ వారం సమస్య ఇది.

అక్క తలకు మొలిచెఁ గుక్క తోక

ఇది ఆటవెలది నాలుగో పాదం. కొత్తగా చేరినవారు అడిగారు కాబట్టి చెబుతున్నాను: ఒకటి, మూడు పాదాలకు మూడు సూర్యగణాలు (మూడు మాత్రలవి), రెండు ఇంద్రగణాలు (నాలుగైదు మాత్రలవి), రెండు, నాలుగు పాదాలకు ఐదూ సూర్యగణాలే. నాలుగో గణం మొదట యతి, అంటే పాదం మొదటి అక్షరంతో పొత్తు కుదిరే అక్షరం. ఇచ్చిన పాదంలో 'అక్క', 'గుక్క' ప్రాసయతి, అంటే మొదటి అక్షరాలకు బదులు రెండో అక్షరాలు కలుస్తాయి. ఆటవెలదిలో అది చెల్లుతుంది.

ఇది నేను కూర్చుని ఊహించిన సమస్య కాదు. మొన్న ఇంటిల్లిపాదీ ఫొటో దిగాం. సోఫాలో అక్క, బావ, పిల్లలు, వెనక పెద్దవాళ్లం, సోఫా వెనక బల్ల మీద మా కుక్క. నవ్వులు కుదిరాయి, ఎవరి కళ్లూ మూతపడలేదు. పెద్దది చేసి చూస్తే కుక్క మొహం బావ భుజం పక్కన ఉంది, ఒళ్లంతా సోఫా చాటున ఉంది, తోక మాత్రం అక్క పాపిట మీంచి కుచ్చులా నిటారుగా లేచి ఉంది. తీస్తున్నప్పుడు ఒక్కరికీ కనబడలేదు. ఇంటి జంతువుతో ఫొటో దిగడం మీద పద్యాలు రావాలని ఆ క్షణాన అనిపించింది. పద్యంతో పాటు ఫొటో సంగతి కూడా మాట్లాడుకుందాం.

పూరణ 1

సోఫ వెనుక నెక్కి సుఖముగా నిలుచుండి
తోక నెత్తె నంతఁ; దొందరపడి
ఛాయఁ దీసి చూడఁ జక్కని చిత్రాన
అక్క తలకు మొలిచెఁ గుక్క తోక

నిర్వాహకుడు:
జరిగింది జరిగినట్టు చెప్పారు, అభినందనలు. యతులన్నీ సరిగా పడ్డాయి. చిక్కు మూడో పాదం చివర ఉంది. 'చిత్రాన' ద్రుతాంతం, అంటే చివర నకారం దాగి ఉన్న మాట. తర్వాత అచ్చు వస్తే 'చిత్రాన నక్క' అవుతుంది. అక్క పోయి నక్క వచ్చింది! ఈ సమస్యలో అందరూ చూసుకోవలసిన చోటు ఇదే. మూడో పాదాన్ని వాక్యంగా ముగిస్తే సంధి పట్టింపు ఉండదు. 'ఛాయఁ దీసి చూడఁ జక్కని చిత్రమే!' అని సవరిస్తే సరి.

పూరణకర్త:
ధన్యవాదాలండీ, సవరించాను. ఫొటో వృత్తిలో ఉన్నవాణ్ని కాబట్టి ఒక మాట. ఇలాంటి తోకను సరిచేయడానికి కుక్కను కదపక్కర్లేదు. కెమెరాను ఒక అడుగు పక్కకు జరిపితే చాలు, తోక అక్క తలనుంచి విడివడి ఖాళీలోకి వస్తుంది. నొక్కే ముందు ప్రతి తల వెనకా ఏముందో ఒకసారి కళ్లతో తడిమి రావాలి. మనుషుల మొహాలు చూస్తూ ఆ పని మరిచిపోతాం.

పూరణ 2

అందు నెవరు? వెలుఁగు నద్దిరి దేనికి?
చిఱుత నగవు పెదవిఁ జేసె నేమి?
ఉరికి వచ్చె నేది? యూపెను దేనిని?
అక్క, తలకు, మొలిచెఁ, గుక్క, తోక

నిర్వాహకుడు:
క్రమాలంకారం! ఐదు ప్రశ్నలు, ఇచ్చిన పాదంలోని ఐదు మాటలే ఐదు జవాబులు. ఒక్క మాటా మిగల్లేదు. చాలా రోజులకు ఇంత నిండైన పూరణ చదివానమ్మా. 'చిఱుత నగవు మొలిచె' అన్నచోట రెండుసార్లు ఆగాను.

మొదటి పూరణకర్త:
'వెలుఁగు నద్దిరి' అన్న మాట నాకు బాగా నచ్చింది. జంతువులున్న ఫొటోకు వెలుతురును అద్దాలే గాని కొట్టకూడదు. కుక్కకు, పిల్లికి రెటీనా వెనక కాంతిని తిప్పికొట్టే పొర ఉంటుంది. మసక వెలుతురులో వాటి చూపుకు సాయపడేది అదే. లెన్సు పక్కనుంచే ఫ్లాష్ వేస్తే ఆ కళ్లు పచ్చగానో పసుపుగానో మండినట్టు పడతాయి. కిటికీ వెలుతురు మేలు. ఫ్లాష్ తప్పకపోతే గోడకో పైకప్పుకో తిప్పి వేయాలి. నల్లకుక్క ఫ్రేమంతా నిండితే కెమెరా దాన్ని బూడిదరంగు చేయబోయి ఫొటోనంతా తెల్లబరుస్తుంది, అప్పుడు వెలుతురు తగ్గించుకోవాలి. తెల్లపిల్లికి పెంచుకోవాలి. ఇంటిల్లిపాదీ ఉన్నప్పుడు మాత్రం మనుషుల మొహాలను బట్టే కొలుచుకుంటే మంచిది.

పూరణ 3

టోపి పెట్టి మెడకుఁ దోలుపట్టీ కట్టి
కదలకుండఁ బట్టి కరముతోడ,
జడిసి తిరిగె నదియు, జబ్బపై కెక్కెను!
అక్క తలకు మొలిచెఁ గుక్క తోక

నిర్వాహకుడు:
మొదటి ప్రయత్నమే గణాలన్నీ కుదిరాయి బాబూ, సంతోషం. రెండు దోషాలున్నాయి. మొదటి పాదంలో 'టో'కు 'దో' యతి చెల్లదు. ట-వర్గం వేరు, త-వర్గం వేరు. మాటల వరస మార్చితే చాలు: 'తొడిగి టోపి మెడకుఁ దోలుపట్టీ కట్టి'. రెండోది వ్యాకరణం. పట్టినవాళ్లు మనుషులు, జడిసింది కుక్క. కర్త మారినచోట 'పట్టి' కుదరదు, 'పట్ట' అనాలి. 'కదలకుండఁ బట్టఁ గరముతోడ'. యతి అలాగే నిలుస్తుంది.

పశువైద్యురాలైన సభ్యురాలు:
పద్యం సంగతి పెద్దలు చూశారు. నేను కుక్క సంగతి చూస్తాను. ఈ పూరణలో ఉన్నది నేను తరచూ చూసే దృశ్యమే. అది జబ్బ మీదికెక్కక ముందే చాలాసార్లు చెప్పి ఉంటుంది. నిద్ర రాకపోయినా ఆవులిస్తుంది. ఎదుట తిండి లేకపోయినా మూతి నాక్కుంటుంది. తల తిప్పేసి కంటి తెల్లగుడ్డు కనబడేలా ఓరగా చూస్తుంది. చెవులు వెనక్కి, తోక కాళ్ల మధ్యకు. వీటిలో ఏది కనబడినా కెమెరా పక్కన పెట్టి దాన్ని కాసేపు వదిలేయండి. పిల్లలు ముద్దుగా మెడ చుట్టూ చేతులు వేసి బిగిస్తే చాలా కుక్కలకు ఊపిరాడనట్టే ఉంటుంది. ఫొటోలో నవ్వుతున్న పిల్లాణ్ని చూస్తాం, వాడి చేతుల్లో బిగుసుకుపోయిన కుక్కను చూడం. దయచేసి చూడండి.

పూరణ 3 కర్త:
అమ్మా, మా ఇంట్లో ఒక ఫొటోలో కుక్క ఆవులిస్తోంది. దాన్ని ఇన్నాళ్లూ నవ్వనుకున్నాం. సవరణలు రెండూ చేశాను.

మరో సభ్యుడు:
పద్యాలు బాగున్నాయి గాని, కుటుంబచిత్రంలో కుక్కకు చోటెందుకని నా సందేహం. అది మనుషుల పటం కదా!

నిర్వాహకుడు:
అయ్యా, తన వెంట నడిచి వచ్చిన కుక్కను వదిలి స్వర్గానికైనా రానన్నాడు ధర్మరాజు. పటంలో చోటివ్వడానికి మనం వెనకాడాలా? చిత్రకారులూ ఇచ్చారు. స్పెయిన్ రాజకుటుంబాన్ని 1656లో వెలాస్కెజ్ గీసిన పెద్ద పటంలో అందరికంటే ముందు పడుకున్నది ఒక కుక్కే. ఫొటోల తొలినాళ్లలో చోటివ్వాలనుకున్నా కష్టమయ్యేది. 1839లో ఫ్రాన్సులో డాగేర్ ఫొటో పద్ధతి వెల్లడైన కొత్తలో ఒక్క బొమ్మకు నిమిషాలకొద్దీ కదలకుండా ఉండాలి, తోక ఊపే ప్రాణి పొగలా చెదిరిపోయేది. ఇప్పుడు సెకనులో 250వ వంతు చాలు.

పూరణ 4

నేలఁ గూరుచుండి నెమ్మదిగా నవ్వె,
ముందు నిలిచెఁ గూన ముద్దు లొలుక;
కెమెర కంటి చూపు గీసిన వింతయే!
అక్క తలకు మొలిచెఁ గుక్క తోక

నిర్వాహకుడు:
'కె', 'గీ' యతి చక్కగా ఉంది. సమస్యలోని చిక్కును విప్పింది 'కెమెర కంటి చూపు' అన్న మాట. మనకు రెండు కళ్లు, తోక ముందుందో తల ముందుందో ఇట్టే తెలుస్తుంది. కెమెరాకు ఒకే కన్ను, దూరాలన్నీ ఒకే తలానికి అతుక్కుపోతాయి. నా ఫొటోలో జరిగిందీ అదే. మొదటి పాదంలో నవ్వింది ఎవరో నాలుగో పాదం దాకా తెలియదు. అది దోషం కాదు, చదివేవాణ్ని ఆపింది.

మొదటి పూరణకర్త:
'నేలఁ గూరుచుండి' అన్నారు, అసలు కీలకం అదే. కుక్కను మన ఎత్తుకు లేపకుండా మనమే దాని ఎత్తుకు దిగాలి. కెమెరా కూడా దాని కంటి ఎత్తుకు రావాలి. గుంపులో అందరూ స్పష్టంగా రావాలంటే లెన్సు రంధ్రాన్ని ఎఫ్/8 దగ్గర ఉంచుతాను. కుక్క మూతి పొడుగు కదా, మరీ తెరిస్తే ముక్కు పదునుగా వచ్చి కన్ను మసకబారుతుంది. కీచుబొమ్మ శబ్దానికి రెండు మూడుసార్లే తల ఎత్తుతుంది, ఆ తర్వాత పట్టించుకోదు. కాబట్టి మనుషులను సర్దడం అయ్యాకే కీచుమనిపించాలి.

పూరణ 5

ముసలిదైన దాని మూపుపైఁ దల వాల్చె
కడపటి దని యెఱిఁగి కన్నుఁ దుడిచి;
తురుము పూవు వోలెఁ దోఁచెఁ జూపరులకు!
అక్క తలకు మొలిచెఁ గుక్క తోక

నిర్వాహకుడు:
ఏం రాయాలో కాసేపు తోచలేదమ్మా. మిగతా పూరణల్లో తోక పొరపాటున వచ్చింది, మీ పద్యంలో అలంకారమైంది. యతులు, గణాలు నిర్దోషం. ఒక్క సూచన: 'ముసలిదైన దాని' అన్నప్పుడు 'అది' ఏదో చివరి పాదం దాకా తెలియదు. మూడు మాత్రల పేరైతే 'దాని' బదులు పేరే పెట్టవచ్చు.

పూరణ 5 కర్త:
నమస్కారమండీ. పేరు పెట్టే మొదలుపెట్టాను. గణమూ కుదిరింది. రాసి చూసుకున్నాక తట్టుకోలేక కొట్టేశాను. 'దాని' అనే ఉండనివ్వండి.

నిర్వాహకుడు:
అలాగే ఉంచాను తల్లీ.