సమస్యాపూరణం: పండు పారవైచి పక్షి బ్రతికె

సమస్య: పండు పారవైచి పక్షి బ్రతికె

ఆటవెలది నాలుగో పాదం. ఐదూ సూర్యగణాలే, యతి ‘పం–ప’. మంచు కురిసే దేశాల్లో చలికాలంలో ఊళ్లలోకి దిగి, అందం కోసం పెంచే, చిన్న చిన్న ఎర్రటి పండ్లు కాసే క్రాబ్ ఆపిల్, రోవన్ చెట్ల మీద వాలే పైన్ గ్రోస్‌బీక్, బుల్‌ఫించ్ లాంటి, గట్టి ముక్కుతో గింజలు తినే ఫించ్ జాతి పిట్టల గురించి రాయాలి. ఆకలితో వచ్చిన పిట్ట పండు పారేసి ఎలా బతికింది?

మొదటి పూరణ

డేగ నీడ సోక డెందము వడఁకగా
గుబురు లోన దూరి గుట్టుగాను
ప్రాణమున్న చాలు, ఫలములు రేపని
పండు పారవైచి పక్షి బ్రతికె

వ్యాఖ్య: ధార బాగుంది. ‘ప్రాణమున్న చాలు, ఫలములు రేపని’ అనడంలో పిట్ట మనసే వినిపించింది. అయితే ఆ కాలానికి క్రాబ్ ఆపిల్ ఆకులన్నీ రాల్చేసి ఉంటుంది, కొమ్మలకు పండ్లే మిగులుతాయి. గుబురు కావాలంటే పక్కన ఆకు రాల్చని పైన్ చెట్టు ఉందని చెప్పాలి.

రెండో పూరణ

ఎఱ్ఱపండ్ల చెట్టు నెక్కిన గుంపులో
కడుపు నింపుకొనుచు విత్తు జల్లె
తోట పెంచి మనకు తోడుగా నిలిచెను
పండు పారవైచి పక్షి బ్రతికె

వ్యాఖ్య: రెండో పాదంలో ‘క–వి’ యతి కుదరలేదు. ‘కడుపు నింపి విత్తు కలియ జల్లె’ అంటే సరిపోతుంది. అసలు చిక్కు భావంలో ఉంది. పండును గుటుక్కున మింగి, విత్తును ఎక్కడో రెట్టలో వదిలేది వ్యాక్స్‌వింగ్. అది వేరే జాతి పిట్ట, ఫించ్ కాదు. పైన్ గ్రోస్‌బీక్ ఆ లావుపాటి ముక్కుతో విత్తును నలిపి తినేస్తుంది, ఇక మొలిచేదేముంది? రెండూ ఒకే చెట్టు మీద వాలతాయి కాబట్టి పొరబడడం సహజమే. కాసేపు నిలబడి ముక్కునే గమనించండి, తేడా తెలిసిపోతుంది.

మూడో పూరణ

మంచు కురియువేళ మాగిన ఫలములో
విత్తు కొఱకు గుజ్జు వేరు చేసి
తీపి తనకు వలదు, తిండి గింజయె యని
పండు పారవైచి పక్షి బ్రతికె

వ్యాఖ్య: ఇది చెట్టు కింద నిలబడి చూసినవారి పద్యం! వైరుధ్యం కల్పనతో కాక నిజంతోనే విడిపోయింది. గుజ్జులో ఎక్కువగా నీళ్లూ చక్కెరా ఉంటాయి. కొవ్వూ ప్రొటీనూ ఉండేది గింజలోనే, గడ్డకట్టే రాత్రి గడవాలంటే అవే కావాలి. అందుకే ఈ పిట్టలు మేసిన చెట్టు కింద మంచంతా ఎర్రటి గుజ్జు ముక్కలే.

ఒక సభ్యురాలి ప్రశ్న: గుజ్జు అసలు ముట్టవా? కొన్నేళ్లు ఒక్కటీ కనిపించదెందుకు?

జవాబు: కొంత గుజ్జు కూడా లోపలికి పోతుందమ్మా, మూడో పూరణలోని మూడో పాదం కాస్త గట్టిగా చెప్పిన మాట నిజమే. ఇక రాకపోకలంటారా, ఆ దేశాల ఉత్తరపు అడవుల్లో రోవన్ బాగా కాసిన ఏడు అవి అక్కడే ఉండిపోతాయి, కాపు తప్పితే దక్షిణానికి వస్తాయి. కెనడాలోని ఒంటారియోలో పక్షి పరిశీలకుడు రాన్ పిట్టవే 1999లో మొదలుపెట్టిన, చలికాలంలో ఏ ఫించ్ పిట్టలు దక్షిణానికి వస్తాయో చెప్పే ‘వింటర్ ఫించ్’ అంచనాలకు ఇలాంటి చెట్ల కాపు లెక్కలే ఆధారం. కాపు తప్పిన అడవిని మొదటి పాదంలోకి తెచ్చి ఇంకో పూరణ ఎవరైనా రాస్తే చదవాలని ఉంది.