భుంజీథాః: అనుభవించమనా, కాపాడుకోమనా?

గోదారి గట్టు:
ఈశావాస్య ఉపనిషత్తుకు ఈమధ్య వచ్చిన ఒక కొత్త సటీక (వ్యాఖ్యతో కూడిన) అనువాదం చదువుతున్నాను. పదచ్ఛేదం, తాత్పర్యం, కింద శంకర మధ్వ భాష్యాల తేడాలు, అన్నీ శ్రద్ధగా ఇచ్చారు. మొదటి మంత్రంలో 'తేన త్యక్తేన భుంజీథాః' దగ్గర మాత్రం 'ఆ త్యాగంతోనే అనుభవించు' అని రాసి, వివరణలో 'శంకరులు పాలయేథాః (కాపాడుకో) అన్నారు' అని ఒక్క ముక్కతో వదిలేశారు. భుజ ధాతువు మీద పాణిని సూత్రం ఉంది కదా, 'భుజో... వనే' అని. మధ్యలో అక్షరం ఎంతకీ గుర్తు రావడం లేదు. 'భుజోఽవనే' అయితే శంకరులకు సూత్రబలం ఉన్నట్టే. పొద్దున్నుంచీ ఇదే బుర్రలో తిరుగుతోంది.

కౌముది:
'భుజోఽనవనే' (1.3.66). ఆ 'న'లోనే ఉంది కథంతా. అవనం అంటే రక్షణ. రక్షణ కాని అర్థంలోనే భుజికి ఆత్మనేపదం, అంటే '-తే' లాంటి క్రియారూపం. రక్షణకైతే '-తి' లాంటి పరస్మైపదం. భుంక్తే అంటే తింటాడు, అనుభవిస్తాడు. భునక్తి అంటే పాలిస్తాడు. ప్రత్యుదాహరణ 'మహీం భునక్తి', భూమిని పాలిస్తాడు. మంత్రంలో ఉన్నది భుంజీథాః, ఏ అనుమానమూ లేని ఆత్మనేపదం. కాపాడుకో అని చెప్పదలిస్తే 'భుంజ్యాః' అని ఉండాలి. కాబట్టి మీ అనువాదకుడు రాసిందే సూత్రానికి అనుగుణం.

పదపాఠం:
కౌముది గారూ, లోకంలో నడిచే నియమాన్ని ఈ మంత్రం ఉన్న వేదసంహితకు అంత గట్టిగా బిగిస్తే ఎలాగండీ? వేదంలో రూపాలు తారుమారవుతాయనే 'వ్యత్యయో బహుళమ్' (3.1.85) ఉండనే ఉంది. మహాభాష్యంలోని 'సుప్తిఙుపగ్రహ' కారికలో ఉపగ్రహం అంటే ఈ పరస్మైపద, ఆత్మనేపదాల సంగతే. వేదంలో ఒకదాని చోట ఇంకొకటి రావడానికి పతంజలే తలుపు తెరిచి పెట్టాడు.

కౌముది:
తలుపు తెరిచి ఉంది కదా అని ప్రతిసారీ అటునుంచే వెళ్ళనక్కర్లేదు. అర్థం కుదరనప్పుడు వ్యత్యయం. ఇక్కడ 'అనుభవించు' చక్కగా కుదురుతోందిగా.

పదపాఠం:
శంకరులకు కుదరదు, ఆయన కారణం ఆయనకుంది. భాష్యంలో ఆ పైవాక్యం చూడండి: 'న హి త్యక్తో మృతః పుత్రో వా భృత్యో వా ఆత్మసంబంధితాయా అభావాత్ ఆత్మానం పాలయతి.' వదిలేసిన కొడుకో, చనిపోయిన సేవకుడో మనల్ని కాపాడడు, మనతో వాడికిక సంబంధం లేదు కాబట్టి. అందుకని త్యక్తేన అంటే 'వదిలిన వస్తువుతో' అని కాదు, 'వదలడంతో' అని. అంటే త్యక్త శబ్దాన్ని త్యాగంగా తేల్చే చోటే 'పాలయతి' వచ్చేసింది. భుంజీథాః దగ్గరికి వచ్చేసరికి ఆయన కొత్తగా నిర్ణయించిందేమీ లేదు. పైగా ఈ మంత్రం ఆయన లెక్కలో ఏషణాత్రయం (కొడుకులు, ధనం, లోకాల మీద కోరికలు) విడిచిన సన్న్యాసికి. కర్మలు చేస్తూ నూరేళ్ళు బతకమనే రెండో మంత్రం మిగతావాళ్ళకి. అన్నీ విడిచినవాడితో 'అనుభవించు' అంటే ఏమిటి అనుభవించాలి?

కౌముది:
అది సిద్ధాంతం. నేను అడుగుతున్నది శబ్దం. మధ్వాచార్యులు త్యక్తేన అంటే దత్తేన అన్నారు. 'ఆయన ఇచ్చినదానితో అనుభవించు, ఇంకొకడి సొమ్ము కోరకు.' ఆత్మనేపదం ఎక్కడిదక్కడే ఉంది, వ్యత్యయంతో పనే లేదు.

మెతుకుసీమ:
ఇంత దూరం వచ్చి రఘువంశం తలచుకోకపోతే ఎలా? పదిహేనో సర్గ మొదటి శ్లోకం:

కృతసీతాపరిత్యాగః స రత్నాకరమేఖలామ్
బుభుజే పృథివీపాలః పృథివీమేవ కేవలామ్

సీతను విడిచినవాడు భూమిని మాత్రమే 'బుభుజే', అనుభవించాడు. ఒకే శ్లోకంలో త్యాగం, భోగం. కర్త ఎవరంటే 'పృథివీపాలుడు'. పాలన అర్థాన్ని నామవాచకంలో పెట్టి, క్రియలో ఆత్మనేపదం వేశాడు. కాళిదాసు ఈ మంత్రం మనసులో పెట్టుకునే రాశాడని నా గట్టి నమ్మకం. ఆ 'ఏవ కేవలామ్' దగ్గర గొంతు పట్టేస్తుంది. సముద్రాలే మొలనూలుగా ఉన్న భూమి మొత్తం చేతిలో ఉంది, ఇంట్లో ఎవరూ లేరు. అనుభవించడం అనే మాటలో ఇంత దుఃఖం పెట్టినవాడు ఇంకొకడు లేడు. మా మెదకు సీమ మల్లినాథుడు 'నామూలం లిఖ్యతే' (ఆధారం లేనిదేదీ రాయను) అని ప్రతిన పట్టి ఆ కావ్యానికి వ్యాఖ్య రాశాడంటే ఊరికే కాదు.

కౌముది:
ఆ శ్లోకం రెండో సగం సిద్ధాంతకౌముదిలో (పాణిని సూత్రాల వ్యాఖ్య) ఈ సూత్రం కిందే ఉందండీ, ఉపభోగార్థానికి ఉదాహరణగా. 'వృద్ధో జనో దుఃఖశతాని భుంక్తే' పక్కనే. మంత్రంతో ముడి మీ ఊహ. సూత్రంతో ముడి మాత్రం ఖాయం.

మెతుకుసీమ:
ముసలివాడు వంద దుఃఖాలు 'భుంక్తే' అన్నప్పుడు అది భోగమా? చూశారా, 'అనుభవించు' అనే తెలుగు మాటలోనూ అదే ఉంది. సుఖమూ అనుభవిస్తాం, కర్మా అనుభవిస్తాం. అనువాదకుడి మాట నాకైతే చాలా నచ్చింది.

అష్టమస్కంధం:
అందరూ ఉపనిషత్తు దగ్గరే ఆగిపోయారు. ఇదే మంత్రం భాగవతం అష్టమస్కంధం మొదటి అధ్యాయంలో స్వాయంభువ మనువు నోట వస్తుంది, 'ఆత్మావాస్యమిదం విశ్వం' అని. కింది సగం మాత్రం అక్షరం మారలేదు: 'తేన త్యక్తేన భుంజీథా మా గృధః కస్యస్విద్ధనమ్'. మనువు సమాధిలో ఇది పలుకుతుంటే ఆకలితో రాక్షసులు తినడానికి మీద పడతారు. యజ్ఞరూపుడైన హరి వచ్చి వాళ్ళని చంపి మనువును కాపాడతాడు. తినడం, కాపాడడం, భుజికున్న రెండు అర్థాలూ కథలో కళ్ళముందు కనిపిస్తున్నాయి కదా!

కౌముది:
అక్కడ తినడానికి వాడింది 'జగ్ధుమ్'. అది అద ధాతువు, భుజి కాదు.

అష్టమస్కంధం:
ధాతువు ఏదైతేనేం మాస్టారూ, కథ చెప్పేది వినండి. ఆ స్కంధం అలా మొదలై ఎక్కడికి వెళ్తుంది? బలి దగ్గరికి. 'కస్యస్విద్ధనమ్', ధనం ఎవరిది అన్న ప్రశ్నకు పోతన గారి జవాబు ఇదిగో:

కారే రాజులు? రాజ్యముల్ గలుగవే? గర్వోన్నతిం బొందరే?
వారేరీ? సిరి మూటఁగట్టుకొని పోవం జాలిరే?

బలి చక్రవర్తి అన్నీ ఇచ్చేశాడు. తర్వాత ఏమైంది? సుతలంలో హరి గద పట్టుకుని ఆయన వాకిట్లో కాపలా ఉన్నాడు. త్యాగేన పాలయేథాః! శంకరులు చెప్పిన అర్థానికి ఇంతకంటే కథ ఏం కావాలి? సంస్కృత భాగవతం మొత్తం చదివినా నాకు ఈ ముడి తట్టలేదు. పోతన గారి పద్యం నోటికి రాబట్టే తట్టింది. 'వారేరీ' అనే ఆ మూడక్షరాల దగ్గర ఎప్పుడు చదివినా ఆగిపోతాను. ఆయన కూడా ఇమ్మనుజేశ్వరాధములకు ఇవ్వనని శ్రీహరికి ఇచ్చినవాడే కదా.

గోదారి గట్టు:
బలి సంగతి చాలా బాగుంది అమ్మా, దాచుకున్నాను. నా టెన్షన్ మాత్రం తగ్గలేదు. చివరికి తెలుగులో ఏ మాట రాయాలి? 'ఈశావాస్యం'లో కూడా ఇదే గొడవ కనిపిస్తోంది. కప్పడమా, నివాసమా?

పదపాఠం:
అక్కడ స్వరమే చెప్పేస్తుంది. ఈశాకు వేరే స్వరం, వాస్యమ్‌కు వేరే స్వరం. సమాసమైతే రెండెందుకు ఉంటాయి? కాబట్టి 'ఈశా' తృతీయ ('ఈశ్వరుడిచేత'), రెండు పదాలు. శంకరులది ఆచ్ఛాదనం, అంటే కప్పడం. గంధపుచెక్క నీళ్ళలో నాని దుర్వాసన కొడితే, దాన్నే అరగదీస్తే దాని అసలు పరిమళమే ఆ వాసనను కప్పేస్తుందని దృష్టాంతం. పైనుంచి తెచ్చి కప్పేది ఏదీ లేదు, లోపలున్నదే బయటికొస్తుంది. భాష్యంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన వాక్యం ఇదే.

అష్టమస్కంధం:
లోపలున్నదే అంటే మరి 'ఎవ్వని లోపల నుండు లీనమై' కాదూ? 'ఇందుగలఁడందులేఁడని' కాదూ? పోతన గారిది నివాసపక్షం.

పదపాఠం:
'ఎవ్వని లోపల' అన్నారు. జగత్తు ఈశ్వరుడి లోపల ఉంది, ఈశ్వరుడు జగత్తు లోపల అని కాదు. అది ఆచ్ఛాదనపక్షానికే దగ్గర. ప్రహ్లాదుడి పద్యం మీకు వదిలేస్తాను.

మెతుకుసీమ:
'సర్వముఁ దానయైనవాఁడెవ్వఁడు' కూడా ఆ పద్యంలోదే. తానే సర్వమైతే కప్పేదెవరు, ఉండేదెవరు?

కౌముది:
గజేంద్రుడి దగ్గరికి వెళ్ళిపోయారు. భుంజీథాః దగ్గర ఉపగ్రహవ్యత్యయం తప్ప 'పాలయేథాః'కి ఇంకే ఆధారమైనా ఉంటే చూపించండి. కావ్యం వద్దు, కథ వద్దు. సంహితలో భుజి ఆత్మనేపదంలో ఉండి, రక్షణ తప్ప ఇంకో అర్థం చెప్పలేని ప్రయోగం ఒక్కటి చాలు.