మిద్దె మీద పాతతరం పాలకూర గింజలు మొలవడం లేదు: విశాఖలో ఎప్పుడు, ఎలా విత్తాలి?

ప్రశ్న: మధురవాడ మిద్దెతోట

అందరికీ నమస్కారం. మధురవాడలో మా మేడ మీద నాలుగేళ్లుగా ఆకుకూరలు పెంచుకుంటున్నాను. తోటకూర, గోంగూర, చుక్కకూర, తీగబచ్చలి ఏనాడూ నన్ను నిరాశపరచలేదు. విత్తనాలు ఇచ్చిపుచ్చుకునే మిత్రులలో ఒకరు ఈ ఏడాది బ్లూమ్స్‌డేల్ అనే పాతతరం పాలకూర గింజలు ఒక పొట్లం ఇచ్చారు. ఆకు ముడతలుగా, దళసరిగా ఉంటుందని, హైబ్రిడ్ కాదు కాబట్టి గింజ కట్టించుకుని మళ్లీ విత్తుకోవచ్చని చెప్పడంతో ఎంతో ఇష్టంగా తీసుకున్నాను.

దసరా వెళ్లిన మర్నాడే రెండు గ్రోబ్యాగుల్లో నలభై గింజలు విత్తాను. ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు, కొబ్బరిపొట్టు సమపాళ్లలో కలిపి, పొద్దున, సాయంత్రం నీళ్లు చిలకరించాను. పద్దెనిమిది రోజులకు ఏడే మొలిచాయి. వాటిలో ఐదింటికి మట్టిని ఆనుకున్న చోట కాడ దారంలా సన్నబడి, ఒక్క రాత్రిలో పక్కకు ఒరిగిపోయాయి. అదే రోజు పక్క సంచిలో విత్తిన దుకాణం పాలకూర మాత్రం ఆరో రోజుకే ఒత్తుగా మొలిచింది. ఒక్కో విత్తుకు రెండేసి మొలకలు కూడా వచ్చాయి. మట్టి అదే, నీళ్లు అవే, ఎండ అదే. మరి లోపం ఎక్కడుంది? పొట్లంలో ఇంకా అరవై గింజలున్నాయి, వాటిని వృథా చేసుకోవాలని లేదు. వీటిని మన ఊళ్లో తరతరాలుగా నిలుపుకోవడం సాధ్యమేనా అన్నది నా రెండో సందేహం.

జవాబు: పెందుర్తి పెరడు

నమస్కారమండీ. ఒక్కో విత్తుకు రెండేసి మొలకలు వచ్చాయన్నారే, సగం జవాబు అందులోనే ఉంది. మనం రైతుబజారులో కట్టలుగా కొనే పాలకూర, మీ పొట్లంలోని పాలకూర ఒకే మొక్క కావు. మన పాలకూర బీట్‌రూట్‌కు సొంత చుట్టం. ఆల్ గ్రీన్, పూసా జ్యోతి, జోబ్నర్ గ్రీన్ వంటి పేర్లతో దొరికేవన్నీ ఆ జాతివే. దాని విత్తు అని మనం పిలిచేది నిజానికి రెండు మూడు గింజలు అతుక్కుని, బెండులా గరుకుగా ఎండిన చిన్న ఉండ. బ్లూమ్స్‌డేల్ అసలైన స్పినాచ్. ఆ జాతి పర్షియా ప్రాంతంలో పుట్టి లోకమంతా పాకింది, ఈ రకం మాత్రం పందొమ్మిదో శతాబ్దంలో అమెరికాలోని పెన్సిల్వేనియాలో పేరు తెచ్చుకుంది. దాని గింజ ఒంటిది, నున్నగా, గట్టిగా ఉంటుంది. రెంటినీ అరచేతిలో వేసుకుని బొటనవేలితో నలిపి చూడండి, తేడా వేలికే తెలిసిపోతుంది.

మన పాలకూర వేడిని తట్టుకుంటుంది. స్పినాచ్ గింజకు మాత్రం మట్టి 10 నుంచి 20 డిగ్రీల మధ్య ఉంటే హాయి. 30 దాటితే అది మొలకెత్తడమే మానుకుంటుంది. అక్టోబరు మొదట్లో మన మేడల మీద నల్ల గ్రోబ్యాగులో మట్టి ఎంత వేడిగా ఉంటుందో ఎప్పుడైనా కొలిచారా? నేను వంటింటి థర్మామీటరును మధ్యాహ్నం మూడింటికి రెండంగుళాల లోతున గుచ్చి చూశాను, 36 చూపించింది. గింజ మంచిదే కావచ్చు, దానికి అందిన కబురు మాత్రం ఇంకా వేసవి పోలేదన్నదే.

అందుచేత తొందరపడకండి. మనకు అక్టోబరు, నవంబరు తుఫాను రోజులు. హుద్‌హుద్ విరుచుకుపడింది కూడా 2014 అక్టోబరు 12నే కదా. ఆ వానలకు లేత మొలక నిలవదు, మట్టీ ఆరదు. కార్తీక పౌర్ణమి దాటి, రాత్రిళ్లు దుప్పటి వెతుక్కునే చలి మొదలయ్యాక విత్తితే డిసెంబరు, జనవరి నెలలు పూర్తిగా మొక్కకు దక్కుతాయి. గింజలను ముందురోజు రాత్రంతా నానబెట్టి, తడిపి గట్టిగా పిండిన గుడ్డలో చుట్టి, మూత ఉన్న డబ్బాలో పెట్టి ఫ్రిజ్ కింది అరలో వారం రోజులు ఉంచండి. గుడ్డ తడిగా ఉండాలి, నీళ్లు కారకూడదు. నీళ్లు నిలిస్తే గింజ కుళ్లుతుంది. ఆ తరువాత సాయంత్రం చల్లబడ్డాక అరంగుళం లోతున విత్తి, మొలకలు కనబడేదాకా సంచి మీద తడి గోనెపట్టా కప్పండి. పైకి రాగానే పట్టా తీసేయాలి, ఒక్క పూట ఆలస్యమైనా మొలకలు పాలిపోయి సాగుతాయి.

మీ ఐదు మొలకలను తీసుకుపోయింది నారుకుళ్లు. మట్టి ఎప్పుడూ తడిగా, వేడిగా ఉంటే ఆ శిలీంధ్రానికి పండగే. కొబ్బరిపొట్టు మూడో వంతు పెట్టి రోజుకు రెండుసార్లు నీళ్లు పోయడం ఎక్కువండీ. దాన్ని సగానికి తగ్గించి, ఆ చోటు ముతక ఇసుకతో నింపండి. ట్రైకోడెర్మా (కుళ్లు తెగుళ్లను అణిచే మేలు శిలీంధ్రం) పొడిని మాగిన ఎరువులో కలిపి, నీడలో వారం మగ్గనిచ్చి వాడితే మంచిది. నీళ్లు పొద్దున ఒక్కసారే, అదీ వేలు పెట్టి చూసి పైమట్టి ఆరిందనుకున్నాకే పోయండి.

జవాబు: పాడేరు చలి

నాది అక్కయ్యపాలెం, ఉద్యోగరీత్యా పాడేరులో ఉంటున్నాను. పైవారు చెప్పిన వేడి సంగతి నూటికి నూరు పాళ్లూ నిజం. కిందటేడు ఒకే పొట్లాన్ని రెండు చోట్లా పంచి, నవంబరు మొదటి వారంలో ఒకేసారి విత్తాను. ఇక్కడ చాలా భాగం మొలిచాయి. అక్కయ్యపాలెంలో మూడో వంతు కూడా రాలేదు. నగరంలో ఉన్నవారు దక్షిణపు పిట్టగోడ నీడ పడే చోటు చూసుకుని, నల్ల సంచులకు బదులు తెల్ల సంచులు వాడితే కొంత మేలు.

జవాబు: పెదవాల్తేరు

ఒక చిన్న మాట. సముద్రానికి దగ్గరగా ఉన్న వీధుల్లో కొన్ని బోర్ల నీళ్లు ఉప్పగా ఉంటాయి. బీట్ జాతి పాలకూర ఆ ఉప్పును ఓర్చుకుంటుంది, స్పినాచ్ అంతగా ఓర్చుకోదు. ఆకు అంచులు మాడుతాయి. మొలక దశలోనైనా మున్సిపాలిటీ కుళాయి నీళ్లు పట్టి ఉంచుకుని వాడండి.

జవాబు: భీమిలి విత్తనాల పెట్టె

మీ రెండో సందేహానికి నేను చెబుతానమ్మా. స్పినాచ్‌లో ఆడ మొక్కలు వేరు, మగ మొక్కలు వేరు. పుప్పొడి ధూళిలా గాలిలో ఎగిరి వెళ్తుంది కాబట్టి రెండు మూడు మొక్కలు ఉంచుకుంటే గింజ కట్టకపోవచ్చు, కట్టినా వంశబలం ఉండదు. కనీసం పది పన్నెండు మొక్కలను కోయకుండా వదిలేయండి. అన్నిటికంటే ముందు పూతకాడ లేచినదాన్ని మాత్రం పీకి కూరలో వేసుకోండి. త్వరగా పూసేదాని గింజ దాచుకుంటే ఏటేటా ఇంకా త్వరగా పూసే మొక్కలే మిగులుతాయి. చాలామంది ఇక్కడే పొరబడి, ముందుగా గింజ కట్టిందన్న సంతోషంతో దాన్నే దాచుకుంటారు.

పగటి పొద్దు పొడుగవుతున్న కొద్దీ, వేడి పెరుగుతున్న కొద్దీ స్పినాచ్ పూతకు వస్తుంది. విశాఖలో ఏడాదిలోకెల్లా పొడవైన పగలు 13 గంటలకు కాస్త పైన మాత్రమే. అంచేత మనకు పొద్దుకంటే వేడి పెద్ద చిక్కు. శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోయాక, గింజ గట్టిపడేదాకా షేడ్‌నెట్ కింద ఉంచి కాపాడుకోవాలి. మీ దుకాణం పాలకూరతో ఇది కలుస్తుందన్న భయం అక్కర్లేదు, ప్రజాతులే వేరు. ఆ పాలకూర బీట్‌రూట్‌తో మాత్రం కలుస్తుంది, రెండూ పెంచితే జాగ్రత్తపడండి.

స్పినాచ్ గింజ రెండు మూడేళ్లకు మించి బలంగా నిలవదు. మన సముద్రపు గాలి తేమకు ఇంకా ముందే చచ్చిపోతుంది. నీడలో బాగా ఎండబెట్టి, గాజుసీసాలో బిగించి ఫ్రిజ్‌లో దాచండి. ఆ అరవై గింజల్లో పదింటిని ముందుగా తడి కాగితంలో చుట్టి మొలకలు చూసుకోండి. నాలుగైనా రాకపోతే తప్పు మీ మట్టిది కాదు.

మధురవాడ మిద్దెతోట

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. కాగితంలో చుట్టిన పదింటిలో ఏడు మొలిచాయి, కాబట్టి గింజలో దోషం లేదని తేలింది. పౌర్ణమి వెళ్లాక ఇరవై గింజలను వారం రోజులు ఫ్రిజ్‌లో ఉంచి, దక్షిణపు గోడ వారన తెల్ల సంచుల్లో విత్తాను. మట్టి మధ్యాహ్నం 26 దగ్గర ఉంటోంది. తొమ్మిదో రోజుకు పదమూడు వచ్చాయి, ఇంతవరకు ఒక్కటీ ఒరగలేదు. రెండు సన్నని గడ్డిపోచల్లాంటి మొలకాకుల నడుమ నిన్న మొదటి అసలు ఆకు విచ్చుకుంది. గోరంత కూడా లేదు, అప్పుడే దాని మీద ముడత కనబడుతోంది. పన్నెండింటిని గింజకు వదిలేయాలంటే ఈ పదమూడు చాలవు కదా, అందుకే ఈ రాత్రికి మరో ఇరవై నానబెడుతున్నాను.