బాస్ గిటార్ తీగల కింద ఫోమ్ పెడితే శ్రుతి పెరుగుతోంది: మ్యూట్ కొనాలా, చేసుకోవాలా?

మంద్రం:

అందరికీ నమస్కారం. నేను మూడేళ్లుగా నాలుగు తీగల బాస్ గిటార్ వాయిస్తున్నాను. నాది ఫెండర్ కంపెనీ ప్రెసిషన్ బాస్ తరహా వాయిద్యం, 34 అంగుళాల స్కేలు (కంపించే తీగ పొడవు), రౌండ్‌వౌండ్ తీగలు (గుండ్రటి సన్నతీగ చుట్టినవి). ఈ మధ్య మా బృందం 1960ల నాటి సోల్ సంగీతం పద్ధతిలో కొన్ని పాటలు సాధన చేస్తోంది. ఆనాటి రికార్డింగులలో బాస్ స్వరం ‘దుమ్’మని నిండుగా మొదలై, వెనకాల వచ్చే స్వరానికి చోటు వదిలి వెంటనే తగ్గిపోతుంది. నా వాయిద్యంలో మాత్రం ఒక స్వరం ఆగకముందే ఇంకొకటి వచ్చి దాని మీద పడుతోంది. ఎడమచేతి వేళ్లతో ఎంత జాగ్రత్తగా ఆపినా, నేను ముట్టుకోని తీగలు కూడా తమంతట తాము మోగుతూ, డ్రమ్ముల కిక్‌తో (కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము) కలిసిపోయి, మొత్తం ముద్దగా వినిపిస్తోంది.

కుడి అరచేతి అంచును బ్రిడ్జి (తీగల కింది కొసలను పట్టి ఉంచే భాగం) దగ్గర ఆనించి బొటనవేలితో మీటి చూశాను. ధ్వని దాదాపు నేను కోరుకున్నట్లే వచ్చింది కానీ, రెండు వేళ్లతో మీటడానికి అలవాటుపడిన నాకు ఆ పద్ధతిలో వేగం అందడం లేదు. అందువల్ల ఒక అట్టపెట్టెలో ప్యాకింగుగా వచ్చిన మందపాటి తెల్లని ఫోమ్‌ను కోసి, బ్రిడ్జికీ, తీగల కంపనాన్ని అందుకునే పికప్‌కీ మధ్య తీగల కింద దూర్చాను. అన్నిటికంటే లావైన ఇ తీగ పూర్తిగా మూగబోయి, చెక్కను తట్టినట్లు ‘టక్’మంటోంది. అన్నిటికంటే సన్నని జి తీగ మాత్రం ఏమీ పెట్టనట్లే మోగుతోంది. అన్నిటికంటే నన్ను కలవరపెడుతున్నది శ్రుతి. ఖాళీ తీగను ట్యూనర్‌తో సరిచేసి, అదే తీగను 12వ ఫ్రెట్టు దగ్గర నొక్కితే ముల్లు స్పష్టంగా ఎక్కువ వైపుకు జరుగుతోంది. ఫోమ్ తీసేసి మళ్లీ శ్రుతి చేస్తే రెండు చోట్లా సరిగ్గానే ఉంటోంది.

ఈ పనికి తయారుగా అమ్మే మ్యూట్ (తీగల మోతను అణిచే అమరిక) కొనడమే మేలా, లేక కాస్త ఓపిక పడితే నేనే సరైనది చేసుకోగలనా? బ్రిడ్జి మీద ఇంటొనేషన్ స్క్రూలను (అన్ని ఫ్రెట్ల దగ్గరా శ్రుతి సరిగ్గా ఉండేలా తీగ పొడవును సరిచేసేవి) ఫోమ్‌కు తగినట్లు తిప్పుకోవడం మంచిదేనా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.


నాలుగుతీగలు:

మంద్రం గారూ, ముందు ఆ స్క్రూల జోలికి వెళ్లకండి. మీ ఇంటొనేషన్‌లో తప్పేమీ లేదు. ఫోమ్ మీ తీగలకు ఊరికే ఆనుకుని ఉండవలసింది పోయి, వాటిని కింది నుంచి ఎత్తి పట్టుకుంటోంది. శ్రుతి తేడా అక్కడినుంచే వస్తోంది.

34 అంగుళాల స్కేలు అంటే నట్ (మెడ పై చివర తీగలు ఆనే పట్టీ) నుంచి శాడిల్ (బ్రిడ్జి మీద తీగ ఆనే ముక్క) దాకా సుమారు 864 మిల్లీమీటర్ల తీగ కంపిస్తుంది. మాట వరుసకు శాడిల్‌కు 10 మిల్లీమీటర్ల ముందు మీ ఫోమ్ రాయిలా అడ్డుపడిందనుకుందాం. అప్పుడు ఖాళీ తీగ పొడవు 854 మిల్లీమీటర్లకు తగ్గి, శ్రుతి దాదాపు 20 సెంట్లు, అంటే అరస్వరంలో అయిదో వంతు, పెరుగుతుంది. దాన్ని మీరు మర తిప్పి దించేస్తారు. కానీ 12వ ఫ్రెట్టు దగ్గర నొక్కినప్పుడు 432 మిల్లీమీటర్లు ఉండవలసిన తీగ 422 అవుతుంది; అదే 10 మిల్లీమీటర్లు సగం తీగకు రెట్టింపు భారం కనుక అక్కడ పెరుగుదల 40 సెంట్లు. మీరు దించిన 20 పోను ఇంకో 20 మిగిలే ఉంటాయి. నిజమైన ఫోమ్ రాయి కాదు కాబట్టి దోషం ఇంతకంటే తక్కువే ఉంటుంది, అయినా మీ ట్యూనర్ ముల్లు చూపిస్తున్నది ఇదే. ఫోమ్‌ను మెత్తగా, తేలికగా, శాడిళ్లకు వీలైనంత దగ్గరగా ఉంచితే ఈ తేడా చెవికి అందనంతగా తగ్గిపోతుంది.

బ్రిడ్జి దగ్గరే ఎందుకు ఉంచాలన్నది తెలుసుకుంటే మిగతాదంతా మీకే తోస్తుంది. తీగ తన మూలస్వరంలో కంపించేటప్పుడు మధ్యలో బాగా ఊగి, చివర్లలో దాదాపు కదలకుండా ఉంటుంది. శాడిల్‌కు 10 మిల్లీమీటర్ల దూరంలో ఆ ఊపు, మధ్యలో ఉండే ఊపులో నాలుగు శాతం కూడా ఉండదు. కానీ అదే చోట పదో అనుస్వరం, అంటే గిటార్ వాయించేవారు హార్మోనిక్ అనేది, తన పూర్తి ఊపులో మూడో వంతుకు పైగా కదులుతూ ఉంటుంది. అందువల్ల అక్కడ మెత్తని వస్తువు ఆనితే, తీగలోని లోహపు గణగణ ముందుగా చచ్చిపోయి, మూలస్వరం కొంతసేపు నిలిచి తర్వాత తగ్గుతుంది. మీరు చెప్పిన ‘దుమ్’ అదే. ఫోమ్‌ను పికప్ వైపుకు జరిపేకొద్దీ అది మూలస్వరాన్ని కూడా తినేస్తుంది. పై ఫ్రెట్లకు వెళ్లేకొద్దీ కంపించే తీగ పొట్టిదవుతుంది కనుక అక్కడి స్వరాలు ఖాళీ తీగలకంటే ఎక్కువగా అణిగిపోతాయి. ఎంత మంచి మ్యూట్ పెట్టినా ఈ తేడా కొంత ఉండనే ఉంటుంది.

మీరు వింటున్న ఆ రికార్డింగుల ధ్వని వెనక ఉన్నది కూడా ఫోమే. ఆ కాలపు ఫెండర్ బాస్‌ల మీద బ్రిడ్జిని కప్పుతూ ఒక లోహపు మూత ఉండేది, దాని లోపల అంటించిన మ్యూట్ ముక్క పైనుంచి తీగలకు ఆనేది. అమెరికా సోల్ సంగీత సంస్థ మోటౌన్ రికార్డింగులలో బాస్ వాయించిన జేమ్స్ జేమర్‌సన్ 1962 నాటి ప్రెసిషన్ బాస్‌ను ఆ మూత, ఫోమ్ తీయకుండానే, లావు ఫ్లాట్‌వౌండ్ తీగలతో (చదునైన పట్టీ చుట్టిన నున్నటివి) వాయించేవారు. కాబట్టి మీ రౌండ్‌వౌండ్ తీగలతో మ్యూట్ పెట్టినా ఆ ధ్వనికి దగ్గరగా వెళ్లగలరు తప్ప, అచ్చం అదే రాదని ముందే చెప్పడం నా బాధ్యత.

ఇక చేసే పద్ధతి. వేలితో నొక్కితే పూర్తిగా అణిగిపోయి, వదిలితే మెల్లగా లేచే మెత్తని ఫోమ్‌ను ఎంచుకోండి. మీరు వాడిన ప్యాకింగు ఫోమ్ బహుశా మూసుకుపోయిన గాలి గదులు ఉండే గట్టి రకం, అది స్ప్రింగులా ఎదురు తంతుంది. బ్రిడ్జి దగ్గర తీగకూ తీగకూ మధ్య సాధారణంగా 19 మిల్లీమీటర్ల ఎడం ఉంటుంది కనుక, ఇ తీగ నుంచి జి తీగ దాకా 57 మిల్లీమీటర్లు. 75 మిల్లీమీటర్ల పొడవు, 12 నుంచి 15 మిల్లీమీటర్ల వెడల్పు ఉన్న ముక్క సరిపోతుంది. ఎత్తును మాత్రం ఊహించవద్దు. చిన్న స్కేలును నిలబెట్టి, కింది నుంచి తీగ అడుగు దాకా ఒక్కో తీగ దగ్గర విడివిడిగా కొలిచి, దానికి ఒకటి రెండు మిల్లీమీటర్లు మాత్రమే కలపండి. ఫ్రెట్‌బోర్డు వంపును బట్టి మధ్య రెండు తీగలు పక్క తీగలకంటే ఎత్తులో ఉంటాయి, పైగా ఇ తీగ జి తీగకంటే రెట్టింపు లావు. సమంగా కోసిన ముక్క ఒకదాన్ని పిసికేసి ఇంకొకదాన్ని అందుకోలేకపోవడంలో వింతేమీ లేదు.


చెక్కపని:

నాలుగుతీగలు గారు చెప్పినదానితో ఏకీభవిస్తున్నాను. నేను వాయిద్యాల మరమ్మతు చేస్తుంటాను కనుక, ఫోమ్ వల్ల వచ్చే నష్టాలు రెండు మూడు చెప్పాలి.

పాత పద్ధతి నైట్రోసెల్యులోజ్ వార్నిషు ఉన్న వాయిద్యం మీద రబ్బరుగానీ కొన్ని రకాల ఫోమ్‌గానీ రోజుల తరబడి ఆనుకుని ఉంటే, ఆ పూత మెత్తబడి మచ్చ పడుతుంది, ఆ మచ్చ తుడిస్తే పోదు. మీ వాయిద్యానికి ఏ పూత ఉందో తెలియకపోతే, ఫోమ్ అడుగున పల్చటి నూలుగుడ్డ ముక్క పరవండి. వాయించనప్పుడు ఫోమ్ తీసి పెట్టడం ఇంకా మంచిది. గిన్నెలు తోమే స్పాంజి వాడేవారు దాన్ని పూర్తిగా ఆరనివ్వాలి. తడి మిగిలితే సరిగ్గా దానికి ఆనిన చోటే తీగ తుప్పు పడుతుంది. రెండువైపులా అంటుకునే టేపుతో బిగించడం నాకు ఇష్టం లేదు. ఫోమ్ ఏళ్లు గడిచేకొద్దీ పొడిగానో జిగురుగానో మారిపోతుంది, టేపుతో కలిసిన ఆ జిగురును శాడిల్ స్క్రూల మరల్లోంచి సూదితో గీకి తీయవలసి వచ్చిన వాయిద్యాలు నా బల్ల మీదికి చాలా వచ్చాయి. సరిగ్గా కోసిన ముక్క తీగల ఒత్తిడికే నిలుస్తుంది, దానికి అంటించే పని ఉండదు.

కొనే విషయానికి వస్తే, తయారుగా దొరికేవాటిలో తీగల మధ్య ఇమిడే మెత్తని రబ్బరు ముక్కలు ఉన్నాయి, మర తిప్పితే పైకి లేచే అమరికలు కూడా ఉన్నాయి. రెండో రకం ఆలోచన పాతదే. రికెన్‌బేకర్ 4001 బాస్‌లో బ్రిడ్జిలోనే రెండు మరలతో ఎత్తగలిగే ఫోమ్ పట్టీ ఉండేది. 1960లో వచ్చిన తొలి ఫెండర్ జాజ్ బాస్‌లలోనూ, 1976లో వచ్చిన మ్యూజిక్ మ్యాన్ స్టింగ్‌రేలోనూ తీగకొక మ్యూట్ చొప్పున నాలుగు విడివిడిగా ఉండేవి. మీ ఇ తీగ, జి తీగ ఇబ్బందికి అంతకు మించిన జవాబు నాకు తెలియదు. పాట పాటకూ మ్యూట్ పెట్టి తీసే అవసరం ఉన్నవారికి కొన్నదే సుఖం. ఒక్కటి గమనించండి: నట్ దగ్గర మెడకు చుట్టే పట్టీలను కూడా మ్యూట్ అనే అంటారు, కానీ వాటి పని వేరు. అవి మీరు ముట్టుకోని ఖాళీ తీగల మోతను ఆపుతాయి, నొక్కిన స్వరాన్ని కురచ చేయవు. పొరపాటున అది కొనుక్కోకండి.


పిక్‌చేయి:

కింది నుంచి పెట్టడమే ఏకైక మార్గం కాదని చెప్పడానికి రాస్తున్నాను. లాస్ ఏంజెలిస్ స్టూడియోలలో ఎన్నో రికార్డింగులకు బాస్ వాయించిన కేరల్ కే, మడిచిన ఫెల్ట్ (ఒత్తి చేసిన మందపాటి ఉన్నిగుడ్డ) ముక్కను బ్రిడ్జి దగ్గర తీగల పైన ఉంచి, పిక్‌తో (తీగ మీటే చిన్న బిళ్ల) వాయించేవారు. నేను చాలాకాలంగా అదే పద్ధతిలో ఉన్నాను. ఫెల్ట్ తన బరువుతో మాత్రమే తీగలకు ఆనుతుంది, చివరలను టేపుతో బ్రిడ్జికి పట్టించినా తీగలను ఎత్తదు కనుక శ్రుతి తేడా దాదాపు రాదు. తీగల ఎత్తులు హెచ్చుతగ్గులుగా ఉన్నా గుడ్డలా వాటి మీద వాలిపోతుంది. ఫోమ్ స్వరాన్ని గుండ్రంగా చేస్తే, ఫెల్ట్ మొదటి దెబ్బను స్పష్టంగా ఉంచి తోకను మాత్రమే కత్తిరిస్తుందని నా చెవికి తోస్తుంది. వేళ్లతో వాయించే మంద్రం గారికి ఫోమే నచ్చవచ్చు, అయినా ఒక పూట ఇది కూడా ప్రయత్నించమని నా మనవి.


మంద్రం:

ముగ్గురికీ హృదయపూర్వక ధన్యవాదాలు. రెండు రోజులుగా ఈ పని మీదే ఉన్నాను కనుక వివరంగా రాస్తున్నాను.

పాత దిండులోంచి మెత్తని ఫోమ్ తీసి, కొలిచి, కొత్త బ్లేడుతో ఒక్క కోతలో కోశాను. మొద్దు కత్తెరతో కోస్తే అంచులు నలిగి ఎత్తు తెలియడం లేదు. గుడ్డ ముక్క పరిచి, ఫోమ్‌ను శాడిళ్లకు ఆనేదాకా వెనక్కి జరిపాను. అప్పటికీ ఇ తీగ ఎక్కువగానే అణిగింది. ఏ తీగ ఎంత ఒత్తుతోందో కంటికి తెలియడం లేదు కాబట్టి, పల్చటి కాగితాన్ని సన్నగా చింపి, తీగకూ ఫోమ్‌కూ మధ్య పెట్టి లాగి చూశాను. ఎ, డి తీగల కింద అది కొద్దిగా పట్టుకుని జారింది, జి కింద గాలిలో ఉన్నట్లు వచ్చేసింది, ఇ కింద చిరిగిపోయింది. ఇ తీగ కింద ఫోమ్‌లో రెండు మిల్లీమీటర్ల లోతు గాడి తీసి, జి వైపు అడుగున నూలుగుడ్డను మరో రెండు మడతలు వేశాక, నాలుగు తీగల కిందా కాగితం ఒకే రకంగా జారింది.

12వ ఫ్రెట్టు దగ్గర ట్యూనర్ ముల్లు ఇప్పుడు దాదాపు మధ్యలోనే నిలుస్తోంది. నిమిషానికి 60 దెబ్బలకు మెట్రోనోమ్ పెట్టి చూస్తే, ఖాళీ ఎ తీగ రెండో దెబ్బ పడేసరికి వినబడీ వినబడనంతగా తగ్గిపోతోంది. ఫెల్ట్ కూడా పెట్టి చూశాను. పిక్‌తో చాలా బాగుంది, వేళ్లతో మాత్రం నాకు ఫోమే నచ్చింది. ఇంకొక్క సందేహం: మొత్తం ధ్వని తగ్గింది కనుక తెలియకుండానే గట్టిగా మీటుతున్నాను, వేళ్లు నొప్పెడుతున్నాయి. దీనికి ఏం చేయాలి?


నాలుగుతీగలు:

కాగితం పరీక్ష చాలా బాగుంది, ఇకమీదట నేనూ అలాగే చూస్తాను.

గట్టిగా మీటడం మానండి. గట్టిగా మీటినప్పుడు తీగ ఫ్రెట్లకు కొట్టుకునే చప్పుడు పెరుగుతుందే కానీ స్వరం పెరగదు. తగ్గిన ధ్వనిని ఆంప్ దగ్గర వాల్యూమ్‌తో తెచ్చుకోండి, బాస్ మర తిప్పి కాదు. మూలస్వరం మీకు ఇప్పటికే నిండుగా ఉంది, దాన్ని ఇంకా పెంచితే మళ్లీ కిక్‌తో కలిసి ముద్దవుతుంది. వాయిద్యం మీది టోన్ మరను ఇప్పటిదాకా సగానికి తగ్గించి వాయిస్తుంటే, మ్యూట్ ఉన్నప్పుడు పూర్తిగా తెరిచి చూడండి. గణగణను ఫోమే తీసేసింది కాబట్టి, ఆ మరను తెరిచినా అరుపు రాదు, వేలు తీగను తాకిన క్షణం మాత్రం స్పష్టంగా వినిపిస్తుంది. అది వినబడడం మొదలైతే చెయ్యి దానంతట అదే తేలికపడుతుంది. ఇ తీగ కింద తీసిన గాడి కొన్ని వారాలకు రౌండ్‌వౌండ్ చుట్ల రాపిడితో ఇంకా లోతవుతుంది కనుక, ఇవే కొలతలతో ఇంకో ముక్క కోసి గిటార్ సంచీలో ఉంచుకోండి.