సీ షెపర్డ్ షిప్పులో వాలంటీరుగా పోయినోళ్ళు ఎవరన్నా ఉన్నారా?

అందరికీ నమస్తే అండి, మాది తిరుపతి. మా తమ్ముడు మెకానికల్ డిప్లొమా చేసి రేణిగుంట దగ్గర కంపెనీలో పని చేస్తా ఉన్నాడు, ఇప్పుడేమో దొంగతనంగా చేపలు పట్టే షిప్పుల్ని అడ్డుకునే సీ షెపర్డ్ వాళ్ళ షిప్పులో ఇంజిన్ రూములోకి పోతానని కూర్చున్నాడు. 2014 డిసెంబర్‌లో అంటార్కిటికా వైపు థండర్ అనే దొంగ వేట షిప్పు కనబడితే వీళ్ళ బాబ్ బార్కర్ షిప్పు 110 రోజులు వెంటబడిందంట, అది వదిలేసి పారిపోయిన వల కిలోమీటర్లకి కిలోమీటర్లు ఉంటే ఇంకో షిప్పు వాళ్ళు పైకి లాగినారంట, చివరికి థండర్ మునిగిపోతా ఉంటే అందులో వాళ్ళని కాపాడింది కూడా వీళ్ళే. రోజూ ఇంట్లో ఇదే కథ.

నాకు తెలియాల్సింది ఏమంటే, జీతం లేకుండా నెలల తరబడి ఉండాలంటే ఫ్లైట్ ఖర్చు ఎవరు పెట్టుకుంటారు? ఎస్‌టీసీడబ్ల్యూ ట్రైనింగ్ (షిప్పుల్లో పని చేసేవాళ్ళకి ఇచ్చే సేఫ్టీ ట్రైనింగ్) ముందే చెన్నైలో చేసుకోవాల్నా, లేకుంటే వాళ్ళు మనిషిని తీసుకున్నాక చెప్తారా? రాత్రి వాచ్ డ్యూటీ ఎన్ని గంటలు, పడుకునే బంకు రూము ఎంతమందితో పంచుకోవాల? వీడు తుపిలిపాళెంలో పడవెక్కితేనే వాంతులు చేసుకున్న మనిషి, అలలకి అలవాటు పడేదానికి ఎన్ని రోజులు పడుతుంది?

ఇంకొకటి, షిప్పులో అంతా వీగన్ తిండేనంట, పాలు పెరుగు కూడా ఉండవు. మా అమ్మకి తుఫాను కంటే పెరుగన్నం లేదనేదే పెద్ద భయం 😄 పోయొచ్చినోళ్ళు ఉంటే ఉన్నదున్నట్టు చెప్పండి ప్లీజ్, అప్లికేషన్ పంపకముందే కావాల.