కొత్త మోటార్‌హోమ్‌లో పంపు తిరగగానే దీపాలు మసకబారుతున్నాయి: లోపం ఎక్కడ వెతకాలి?

కొత్తగా కొన్న మా మోటార్‌హోమ్‌లో (ఇంటి వసతులున్న వాహనంలో) బయటి కరెంటు కేబుల్ తగిలించి ఉన్నంతసేపు అన్నీ సక్రమంగానే పనిచేస్తున్నాయి గాని, దాన్ని తీసేసి లోపలి 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ మీద నడిపితే, నీళ్ల పంపు తిరగగానే దీపాలు మసకబారి ఫ్రిజ్ ఆగిపోతోంది. పంపు తిరుగుతున్నప్పుడు మల్టీమీటర్ బ్యాటరీ టెర్మినళ్ల దగ్గర 12.4 వోల్టులు చూపిస్తుండగా, ఫ్యూజు పెట్టె దగ్గర 10.8 మాత్రమే చూపిస్తోంది. కాబట్టి బ్యాటరీ మంచిదేననీ, దారిలో ఎక్కడో వదులైన జాయింటో, బ్యాటరీ కటాఫ్ స్విచ్చో, ఛాసిస్ (వాహనపు లోహపు చట్రం) మీద రంగు గీకకుండానే బిగించిన ఎర్త్ (నెగటివ్ వైపు) బోల్టో ఈ వోల్టేజి నష్టానికి కారణమనీ నా అనుమానం. పంపును నడుపుతూనే పాజిటివ్, నెగటివ్ వైపుల వోల్టేజి తగ్గుదలను విడివిడిగా కొలవడం సరైన పద్ధతేనా? వారంటీ పోతుందేమోనని వైరింగు విప్పలేదు. ఏయే రీడింగులు రాసిపెట్టుకుంటే సర్వీసు కేంద్రం వారు లోపాన్ని ఒప్పుకుంటారో, అనుభవం ఉన్నవారు దయచేసి తెలియజేయగలరు.